పక్కగది దరువు

జూలై 4

పొద్దున్నే ఒక వింత. మామయ్య క్యాసెట్టు అట్ట మీద "దరువు" అన్నచోట మనిషి పేరు లేదు. "పక్కగది" అని ఉంది. అంతే.

ఆ క్యాసెట్టు మా హాల్లో అద్దాల బీరువాలో ఎప్పటినుంచో ఉంది. దాని మీద దుమ్ము తుడిచేది నేనే. మూత తీసి లోపలి అట్ట చదవాలని మాత్రం ఒక్కనాడూ తోచలేదు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

ఈరోజు ఎందుకు తీశానంటే, నిన్న మేడమ్ ప్రాజెక్టు ఇచ్చారు. ఇంతవరకు ఎవరూ పరిశీలించని రచన ఒకటి తీసుకుని దాని భాష మీద రాయాలి. మొదటి పేజీలో రాసినవాళ్లు, పాడినవాళ్లు, సంగీతం కట్టినవాళ్లు, అందరి పేర్లూ ఉండాలి. "తెలియదు అని మాత్రం రాయకండి. వెతకండి" అన్నారు. ఆ "వెతకండి" అన్నమాట నాకు ఇంటిదాకా తోడొచ్చింది.

నేను మామయ్య పాటలు తీసుకున్నాను. ఆరే పాటలు. ఈ ఊళ్లో మొదట వచ్చిన హిప్‌హాప్ క్యాసెట్టు ఇదేనట. రాసిందీ పాడిందీ మామయ్య. స్టేజీ మీద ఆయన పేరు నాన్‌స్టాప్. ఇప్పుడు లిఫ్టులు బాగుచేస్తాడు.

మామయ్యకు మాట బయటికి రావడానికి కాస్త టైమ్ పడుతుంది. దానికి ఒక పేరుంది. మా ఇంట్లో ఆ పేరు ఎత్తం. ఇక్కడా రాయను. ఆయన ఆగినప్పుడు నేను టక్కున మాట అందిస్తాను. మాటలు అందించడంలో నా తర్వాతే ఎవరైనా. ఆయన నవ్వి తలూపుతాడు. పాటలో మాత్రం ఎవరూ అందించక్కర్లేదు, గండి పడ్డ చెరువే. అందుకే ఆ పేరు.

నాన్న బేకరీ నుంచి వచ్చి, చొక్కా మీద పిండి దులుపుకుంటూ, "ప్రొడ్యూసరంటే డబ్బులు పెట్టేవాడేగా?" అన్నాడు. సినిమాకి అంతే నాన్నా, హిప్‌హాప్‌లో ప్రొడ్యూసరంటే మాటల కింద దరువు కట్టేవాళ్లు, పాటకి సగం ప్రాణం వాళ్లదే అని చెప్పాను.

"ఓహో, డప్పు కొట్టేవాడా!"

"కొట్టేవాడు కాదు నాన్నా, కట్టేవాడు."

"కొట్టేవాడికీ కట్టేవాడికీ మధ్య నన్నెందుకే చంపుతావ్, పండూ," అని పడుకోడానికి వెళ్లిపోయాడు.

అమ్మను అడిగాను. "పాతవన్నీ ఇప్పుడెందుకు? నీ ప్రాజెక్టు మాటల మీదేగా. మాటలు చూసుకో" అని చెప్పులు వేసుకుని కళ్లజోళ్ల షాపుకి వెళ్లిపోయింది.

చూసుకుంటాను. మామయ్యను అడిగితే, "అట్ట మీద ఉందిగా, కోడలా" అని నవ్వేశాడు. అయినా ఈ పక్కగది ఎవడో కూడా పట్టుకుంటాను.

జూలై 5

నాన్న పాత టేప్‌రికార్డర్ బేకరీ అటక మీద దొరికింది. మీట నొక్కితే మైదా రాలింది. అయినా పాడింది!

రెండో పాట విని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని రాసుకున్నాను.

అద్దె ఇంటి నడుమ అడ్డంగా ఒక గోడ
అటువైపు ఎవరో, ఇటువైపు నా నీడ
నోట్లో ఉన్న మాట నోట్లోనే కూచుంది
పళ్లు దాటి రాదట, పంతం దానికి కూడ

ఎంత బాగుంది! "మాట కూచుంది" అన్నాడు చూడు, మనిషిలాగా. ప్రాజెక్టులో ఇలా రాశాను: "ఇక్కడ నోట్లోని మాట అణచివేతకు గురైన సామాన్యుడి గొంతుకు ప్రతీక." రాసి నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

ఇంకొకటి గమనించాను. "కూచుంది" అయ్యాక, "పళ్లు" అనబోయే ముందు, దరువు మొత్తం ఆగిపోతుంది. చెక్కను గుద్దినట్టుండే ఆ పెద్ద చప్పుడు, కింద బరువుగా దొర్లే మోత, పైన గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు టింగుమనే శబ్దం, అన్నీ ఒక్కసారి మాయం. ఒక్క దెబ్బ పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలోంచి "పళ్లు" అని వచ్చి పడుతుంది. లిఫ్టు ఆగేముందు కడుపులో ఒక్క క్షణం బరువు పోతుందే, అలా అయింది నాకు. చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

మళ్లీ విన్నాను. మళ్లీ లేచాయి.

ఇది కట్టినవాడు మామూలువాడు కాదు. శబ్దం చేయడం ఎవరికైనా వస్తుంది. సరిగ్గా ఎక్కడ చేయకూడదో అతనికి తెలుసు.

జూలై 6

ఆరు పాటల్లోనూ ఉన్నాయి ఆ ఖాళీలు. ఆరింట్లోనూ!

జూలై 7

దొరికాడు!

మామయ్య పాటలు రికార్డు చేసిన స్టూడియో ఇంకా ఉంది. టైర్ల షాపు పైన, మూడో అంతస్తు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించి ఉన్నాయి. దాని యజమానిని ఊరంతా స్టూడియో బాబాయ్ అంటారు. పొట్ట ముందు నడుస్తుంది, నవ్వు దానికన్నా ముందు.

"నాన్‌స్టాప్ మేనకోడలివా! రా రా. వాడిలాగా మౌనవ్రతం కాదుగా నువ్వు?"

పక్కగది ఎవరని అడిగాను. లేచి ఒక తలుపు తోశాడు. లోపల విరిగిన ఫ్యాను, వైర్ల మూట, ఒక కుంటి కుర్చీ.

"ఇదేనమ్మా పక్కగది. మీ మామయ్య ఆ గదిలో పాడాడు, నేను ఈ గదిలో మీటలు తిప్పాను. పక్కగది అంటే నేనే. వెరైటీగా ఉంటుందని వాడు అలా వేయించాడు."

"దరువులు కూడా మీరే కట్టారా బాబాయ్?"

"అన్నీ ఇక్కడే అయ్యాయి. ఇంకెవరు కడతారు, దయ్యాలా?"

ఆ పాటలను ఆయన ఇప్పుడు కొత్తగా తయారుచేస్తున్నాడు. వచ్చే ఆదివారం పదింటికి ఇంటర్నెట్లో విడుదల. ప్రొడ్యూసర్ అన్నచోట ఈసారి ఆయన పేరే ఉంటుంది. "ఇకమీదట అందరూ వినేది ఇదే. ఆ పాత టేపు ఎవడి దగ్గరుంది?" అన్నాడు.

కంప్యూటర్ తెర మీద పాట గీతల్లా కనిపించింది. వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ చూడు, ఇక్కడ, ఇక్కడ. టేపు పాతబడి శబ్దాన్ని మింగేసింది. అన్నీ పూడ్చేశాను. రోడ్డు మీద గుంటలు పూడ్చినట్టు."

వినిపించాడు. నున్నగా ఉంది. చేతుల మీద వెంట్రుకలు లేవలేదు. ఎండలో నడిచి వచ్చాను, అందుకేనేమో.

ఏదైతేనేం, దొరికాడు. మొదటి పేజీ అయిపోయినట్టే.

జూలై 8

ఇంట్లో చెప్పాను. అమ్మ కూరగాయలు తరుగుతోంది.

"ఆయనేనా? మంచిది. అలాగే రాయి."

"మధ్యలో ఖాళీలన్నీ పూడ్చేశాడమ్మా. టేపు లోపమట."

కత్తి ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

"అవునా," అంది.

జూలై 9

నిజం చెప్పాలంటే నాకు నమ్మకం కుదరడం లేదు. నమ్మాలని చూస్తున్నాను, మొదటి పేజీ అందంగా వచ్చింది కాబట్టి.

స్టూడియో బాబాయ్ తను చేసిన మిగతా పాటలు ఇస్తే, అన్నీ విన్నాను. బాగానే ఉన్నాయి. ఎక్కడా ఖాళీ లేదు. ఊపిరాడనంత నిండుగా ఉన్నాయి, అతిథులు ఎక్కువై మంచం మీద కూడా మనుషులు కూర్చున్న ఇల్లులాగా. ఖాళీ అంటే అంత భయపడే మనిషి మామయ్య పాటల్లో మాత్రం ఎందుకు వదిలాడు? పైగా తను వదిలినదాన్ని తనే గుంట అంటాడా?

ఖాళీ తర్వాత వచ్చే మాటలన్నీ వరసగా రాసుకున్నాను. పళ్లు. బస్సు. పొద్దు. బయట. పిల్లి. బల్ల. పంపు. అన్నీ పకారం, బకారం!

పరుగెత్తుకుంటూ మేడమ్ దగ్గరికి వెళ్లి, "మేడమ్, ఇది యతి!" అన్నాను. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, "తెలుగులో యతి అంటే ఆగడం కాదమ్మా, అక్షరాల స్నేహం" అన్నారు. నాకు తెలుసు. పకారం, బకారం ఒక జట్టు అక్షరాలు. కానీ ఇతను రెండూ కలిపేశాడు మేడమ్, ముందు ఆగుతున్నాడు, ఆ తర్వాత ఒకే జట్టు అక్షరం వేస్తున్నాడు, అన్నాను. ఆవిడ చాలాసేపు కాగితం చూశారు.

"ఆపినవాళ్లు దరువు కట్టినవాళ్లు. మాట వేసింది మీ మామయ్య. అంటే ఏ మాట వస్తోందో ఆ మనిషికి ముందే తెలుసన్నమాట. ఎవరో గాని చాలా దగ్గరివాళ్లు" అన్నారు.

పెద్ద ఛందస్సు పండితుడు అయ్యుంటాడు. మామయ్యకు అలాంటి స్నేహితుడు ఎవరున్నారు?

జూలై 10

ఈరోజు జరిగింది రాయాలని లేదు. రాస్తాను.

రెండో పాటలో మొదటి నాలుగు పాదాలు మామయ్య గొంతుతో మళ్లీ కావాలన్నాడు స్టూడియో బాబాయ్. మామయ్య పని నుంచి నేరుగా వచ్చాడు, చేతులకు గ్రీజు. నేను చూడ్డానికి వెళ్లాను. మామయ్య ర్యాప్ పాడుతుంటే నేను ఇంతవరకు చూడలేదు! నేను పుట్టేనాటికే మానేశాడు.

అద్దం వెనక నిలబడ్డాడు. చెవులకు హెడ్‌ఫోన్లు. భుజాలు దిగాయి, గడ్డం లేచింది. వేరే మనిషి. "అద్దె ఇంటి నడుమ" అని అందుకున్నాడు. "నోట్లో ఉన్న మాట నోట్లోనే కూచుంది" దాకా వచ్చాడు.

అక్కడ ఖాళీ లేదు. పూడ్చేసిన దరువు ఆగకుండా పోతోంది.

"ప్" అన్నాడు. పెదాలు మూసుకున్నాయి. తెరుచుకోలేదు. దరువు ముందుకు వెళ్లిపోయింది, బస్సు వెళ్లిపోయినట్టు.

మళ్లీ మొదటినుంచి పెట్టారు. మళ్లీ అక్కడే.

మళ్లీ.

"ఏంట్రా నాన్‌స్టాప్, స్టాప్ అయ్యావ్?" అని బాబాయ్ మైకులో నవ్వాడు. చెడ్డగా కాదు, ఆయన అన్నిటికీ అలాగే నవ్వుతాడు. నేను అద్దం ఇవతల నుంచి "పళ్లు మామయ్యా, పళ్లు!" అని అరిచాను. మామయ్య నావైపు చూశాడు. నవ్వలేదు, తలూపలేదు. హెడ్‌ఫోన్లు జాగ్రత్తగా కొక్కేనికి తగిలించి మెట్లు దిగి వెళ్లిపోయాడు. లిఫ్టు ఉంది. మెట్లే దిగాడు.

"పర్లేదు, పాత గొంతుతోనే వేసేస్తాలే. ఆదివారం మారదు" అన్నాడు బాబాయ్.

జూలై 11

సాయంత్రం మామయ్య భోజనానికి వచ్చాడు. అందరం తలలు వంచుకుని తింటున్నాం. నాన్నే ఉండబట్టలేక, "ఏం బావమరిదీ, మొన్నటిదాకా హీరో అని నన్ను పిలిచేవాడివి, ఇవాళ ఆ పిలుపు కూడా లేదేం?" అన్నాడు.

మామయ్య కంచం వైపు చూస్తూ, "అది నా..." అన్నాడు. ఆగాడు. పెదాలు మూసుకున్నాయి. నా నాలుక మీద మాట సిద్ధంగా ఉంది, అందించబోయాను. అమ్మ నావైపు చూడకుండానే ఎడమచేత్తో నా మోకాలు నొక్కింది. కుడిచేతి వేలితో బల్ల మీద మెల్లగా కొట్టింది.

టక్, టక్, టక్. ఆగింది.

"పాట కాదక్కా," అన్నాడు మామయ్య. "అది నా పాట కాదు."

తర్వాత అందరూ తిన్నారు. అన్నం వడ్డించుకున్నారు, నీళ్లు తాగారు. నేను మాత్రం అమ్మ వేలు చూస్తూ కూర్చున్నాను.

ఆ వేలు నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. మామయ్య మాట్లాడుతుంటే అమ్మ వేలు బల్ల మీదో, కుర్చీ చేతి మీదో, తన మోకాలి మీదో ఆడుతుంది. అలవాటు అనుకున్నాను. కొందరు గోళ్లు కొరుకుతారు, అమ్మ వేలు కొడుతుంది అనుకున్నాను.

నత్తి. రాశాను. మామయ్యకు నత్తి. పకారం దగ్గర, బకారం దగ్గర. అందుకే నన్ను అందరూ పండూ అంటే మామయ్య కోడలా అంటాడు. అందుకే నాన్న బావ కాదు, హీరో. అందుకే బేకరీ అనడు, షాపు అంటాడు. నాన్న పాపం ఇన్నేళ్లుగా తన మీసం చూసి అంటున్నాడనుకుంటున్నాడు.

నోట్లో కూచున్నది సామాన్యుడి గొంతూ కాదు, ప్రతీకా కాదు. నోట్లో మాటే.

ఛందస్సు పండితుడట! అతను, అతను అని ఇన్ని పేజీలు రాశాను.

ఆమె.

జూలై 12

కాలేజీకి వెళ్లలేదు. అమ్మ షాపుకి వెళ్లాను.

ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని గోడ మీది అక్షరాలు చదువుతున్నాడు. పై వరసలు గడగడా చదివాడు. కింద వరస దగ్గర ఆగిపోయాడు. నాకు ఇక్కడినుంచే కనిపిస్తోంది ఆ అక్షరం, నోటిదాకా వచ్చింది. అమ్మ చెప్పలేదు. "తొందరేం లేదండీ" అని కూడా అనలేదు. ఊరికే అద్దం పట్టుకుని నిలబడింది. ఆయన తల వంచాడు, కళ్లు చిట్లించాడు, చివరికి చదివాడు. అమ్మ అద్దం మార్చి, "ఇది బాగుందా, ఇందాకటిదా?" అంది.

ఆవిడ రోజంతా చేసేది ఇదే. ఎదుటివాళ్లకు కనిపించేదాకా ఆగడం.

ఖాళీ దొరికాక వెనక బెంచీ మీద కూర్చున్నాం. "అమ్మా, పక్కగది నువ్వే" అన్నాను.  చీరకొంగుతో ఒక అద్దం తుడిచింది, శుభ్రంగా ఉన్నదాన్నే.

"ఆ రోజుల్లో రేడియో రిపేరు షాపులో చేసేదాన్ని కదా. ఎవడో ఆర్కెస్ట్రా అతను డ్రమ్ మెషీన్ ఇచ్చిపోయాడు, బాగుచెయ్యమని. బాగుచేశాను. మనిషి రాడు. షాపు ఆయన్నడిగి ఇంటికి తెచ్చుకున్నాను. వానాకాలమంతా మా దగ్గరే ఉంది. ఆరో పాట అయ్యాక వచ్చి పట్టుకుపోయాడు సచ్చినోడు."

"అందుకని ఆరేనా!"

"మరి? ఏడోది నోటితో వాయించమంటావా?"

నవ్వాం. నాకు మాత్రం నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియలేదు. మెషీన్‌లో లేని చప్పుళ్లు ఇంట్లోంచి పట్టుకుందట. ఆ చెక్క చప్పుడు గోడది. ఆ టింగుమనేది స్టీలు గ్లాసు. ఇంకా ఉంది ఆ గ్లాసు. రోజూ నేను టీ తాగేది దాంట్లోనే!

"మరి నీ పేరు వేసుకోలేదేం?"

అప్పటిదాకా నవ్విన మొహం సర్దుకుంది. "నా పేరు వేస్తే మొదట అడిగేది ఆ ఖాళీల గురించే. ఎందుకు వదిలావమ్మా అంటారు. ఏం చెప్పాలి? వాడు బళ్లో నోరెత్తితే నవ్వేవాళ్లు. షాపుకెళ్లి బిస్కెట్లు అడగలేక వేలుతో చూపించేవాడు. మైకు ముందు మాత్రం గెలిచాననుకున్నాడు, వాడంతట వాడు. అది కూడా నాదే అని లాక్కోమంటావా?"

"ఆ ఖాళీలు ఎందుకో మామయ్యకు తెలీదా?"

"తెలీదు. తెలియకూడదు. స్టూడియో ఆయన పేరే రాసెయ్, పండూ."

ఇంటికొచ్చి మొదటి పేజీ ముందు కూర్చున్నాను. నిజం రాస్తే మామయ్య గెలుపు పోతుంది. రాయకపోతే అమ్మ పోతుంది. రేపటితో శనివారం అయిపోతుంది, ఆ తర్వాత పూడ్చేసిన పాటే పాట.

ఇన్ని మాటలు తెలుసు నాకు. ఈ ఒక్క గీత మీద ఏ మాట పెట్టాలో తెలియడం లేదు.

జూలై 13

 అన్నీ వరసగా రాయాలి.

సాయంత్రం మామయ్య వచ్చాడు. పనిసంచీ కింద పెట్టి, చేతులు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చున్నాడు. అమ్మను కూర్చోమన్నాడు. నేను లోపలికి వెళ్లబోతే, "ఉండు కోడలా" అన్నాడు.

"అక్కా, నాకు తెలుసు."

"ఏంట్రా?"

"ఆ ఖాళీలు ఎందుకున్నాయో."

అమ్మ వేలు బల్ల మీదికి వచ్చి, ఆగిపోయింది.

మామయ్య మెల్లగా చెప్పాడు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను. "మెషీన్ తీసుకెళ్లాక ఒకసారి స్టేజీ మీద వేరేవాళ్ల దరువు మీద మైకు అందుకున్నా. మొదటి లైన్లోనే ఇరుక్కున్నా. ఇంటికొచ్చి మన క్యాసెట్టు విన్నా. నేను ఎక్కడెక్కడ ఇరుక్కుంటానో అక్కడల్లా నువ్వు ముందే తలుపు తీసి ఉంచావ్. ఆ రోజే తెలిసింది. అందుకే మానేశా. నువ్వు లేకుండా అది నా వల్ల కాదు."

"మరి ఇన్నేళ్లూ నాతో చెప్పలేదేంరా?"

"నీకు ఇష్టం లేదనుకున్నా. రిపేరు షాపు అమ్మాయికి ఈ చప్పుళ్లేంటని వీధిలోవాళ్లు అన్నారుగా. నలుగురికీ తెలిస్తే నీకు చిన్నతనమేమోనని నీ గుర్తు వేయించా. నిన్ను వేయించలేదు."

పక్కగది అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. వాళ్లు చిన్నప్పుడున్నది రెండు గదుల ఇల్లు, మధ్యలో చెక్క గోడ. మామయ్య ఇటువైపు పాఠం పైకి చదువుకునేవాడు. ఇరుక్కుంటే అటువైపు నుంచి అమ్మ గోడ మీద కొట్టేది. టక్, టక్, టక్. ఆగేది. మామయ్య చదివేవాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు, గోడ ఉంది కదా. "అటువైపు ఎవరో" అని ఆయన పాటలోనే రాశాడు! నేను చదివాను, ఎర్ర సిరాతో గీత కూడా గీశాను, నాకు కనపడలేదు.

వాడికి తెలియకూడదని ఈవిడ, ఈవిడకి ఇష్టం లేదని ఆయన. ఇన్నేళ్లు.

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. ఏడవడానికి అనుకున్నాను. నా టీ గ్లాసు, ఒక చెంచా తీసుకుని వచ్చింది.

"రెండోది గుర్తుందా?" అంది.

ఎలా రాయను దీన్ని! మా అన్నం బల్ల. ఎడమ అరచేత్తో బల్ల మీద ఆ చెక్క చప్పుడు, కుడిచేత్తో గ్లాసు మీద చెంచా. మా అమ్మ, కళ్లజోళ్ల షాపులో అద్దాలు మార్చే మా అమ్మ, నడుం కొంచెం వెనక్కి వాల్చి, కళ్లు సగం మూసి, దరువు వేస్తోంది. చెంచా పడుతుంటే నీళ్ల జగ్గులో నీళ్లు వణుకుతున్నాయి. మామయ్య అందుకున్నాడు. గోడ, నీడ, నోట్లో ఉన్న మాట నోట్లోనే కూచుంది. అమ్మ చెయ్యి గాల్లో ఆగింది. ఆ ఆగడంలో మా ఇల్లంతా ఆగింది, ఫ్యాను కూడా ఆగినట్టే అనిపించింది. మామయ్య పెదాలు మూసుకున్నాయి, మెత్తగా విడిపోయాయి.

పళ్లు దాటి రాదట, పంతం దానికి కూడ!

నిద్రమొహంతో నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అమ్మయ్య, మొత్తానికి బయటపడింది," అన్నాడు. ఆయనకు ముందే తెలుసన్నమాట! అడిగితే, "నేను చేసుకుంది మీ అమ్మను గాని ఆవిడ రహస్యాలను కాదే" అన్నాడు.

"బావమరిదీ, హీరో అంటే నా మీసం చూసేగా?" అని మామయ్యను అడిగాడు.

మామయ్య నావైపు చూశాడు, నేను పైకప్పు వైపు చూశాను. "మీసమే," అన్నాడు మామయ్య.

ఇక రేపటి సంగతి. స్టూడియో బాబాయ్ దగ్గరికి మామయ్యే వెళ్లి చెప్తాడట. పూడ్చింది తీసేయాలని, పాతది పాతదిగానే ఉండాలని, దరువు ఎవరిదో, ఆ ఖాళీలు ఎందుకో.

"నత్తి అని కూడా చెప్తావా?" అని అమ్మ అడిగింది. మా ఇంట్లో ఆ మాట ఎవరైనా పైకి అనడం నేను వినడం ఇదే మొదలు. ఏమీ విరగలేదు.

"అది చెప్పకుండా నీ గొప్ప ఎలా తెలుస్తుంది అక్కా?" అన్నాడు మామయ్య.

అమ్మ కొంచెం కుదుటపడి, "నా పేరు మాత్రం వద్దురా. పక్కగది అనే ఉంచు. నాకదే బాగుంది. ఎవరని అడిగితే మాత్రం చెప్పు" అంది. అవును, ప్రాజెక్టు మొదటి పేజీలోనూ అదే ఉంటుంది. కింద ఎవరో కూడా ఉంటుంది.

"ఇంత దూరం ఎందుకు మామయ్యా, ఫోన్లో చెప్పేయొచ్చుగా?" అన్నాను.

"ఫోన్లో ఆగితే, లైను తెగిందనుకుని కట్ చేసేస్తారు," అన్నాడు.

వెళ్తూ చెప్పులు వేసుకుని నావైపు తిరిగాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. పెదాలు మూసుకున్నాయి. నాకు తెలిసిపోయింది ఏ మాటో. నా నోట్లోకి కూడా వచ్చేసింది. అమ్మ వైపు చూశాను. అమ్మ వేలు కదల్లేదు. ఇద్దరం ఊరుకున్నాం. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు.

"పండూ," అన్నాడు మామయ్య. "పొద్దున్నే లే."

లేస్తాను. తొమ్మిదింటికల్లా స్టూడియో తలుపు దగ్గర ఉండాలి. ముందుగా నేను లోపలికి వెళ్లి కుర్చీలు సర్దుతాను, అమ్మ కుర్చీ బల్లకు దగ్గరగా, చెయ్యి అందేలా. నాది గోడ పక్కన, అందరికన్నా దూరంగా. మామయ్య ఎక్కడ ఆగితే అక్కడ నేనూ ఆగుతాను. నా నోట్లోకి ఎంత మంచి మాట వచ్చినా, రేపు పొద్దున అది నోట్లోనే కూచుంటుంది.